రెండు గ్రాముల నింద

“బొట్టెట్టడం వల్లే చక్రం పగిలిందంటమ్మా! పెద్ద పెద్ద అక్షరాలతో ఏసినారు,” అన్నాడు లారీ డ్రైవరు, టైర్ల షాపు ముందు బల్ల మీద కూర్చుని పేపరు తిరగేస్తూ.

నీలవేణి చేతిలోని పానా ఠంగుమని నేల మీద పడింది. పడింది అనడం మర్యాదకి. విసిరికొట్టింది.

“మళ్ళీ చదువు.”

ఆమె ఎవరో అతనికి తెలియదు పాపం. గొంతు సవరించుకుని మరీ చదివాడు. “‘ఆయుధపూజ నాడు పారిశుద్ధ్య కార్మికురాలు నరసమ్మ చక్రం అంచున పెట్టిన తడి కుంకుమ బొట్టు వల్ల చక్రం తూకం చెడిందని, సెకనుకు యాభై చుట్లు తిరిగే చక్రం అంచున రెండు గ్రాముల బరువు కూడా ముప్పై కిలోల గుంజుడుతో సమానమని చక్రశాల సంస్థ అధినేత డాక్టర్ శేషశాయి తన నివేదికలో తెలిపారు. ప్రమాదంలో మరణించిన బ్రేకు ఆపరేటరు గౌరినాయుడు నరసమ్మ కుమారుడే కావడం విషాదం.’ అయ్యయ్యో, కన్నకొడుకుని సంపుకుంది కదమ్మా ఆ ముసిల్ది!”

“ఆ ముసిల్ది మా అమ్మ,” అంది నీలవేణి. “నీ టైరు రేపు బిగిస్తాను. ముందు లెగు అక్కణ్ణుంచి.”

అతను పేపరు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. నీలవేణి ఆ వార్తని మరో రెండుసార్లు చదివింది. చదివినకొద్దీ ఒళ్ళు మండిపోయింది. తమ్ముడు పోయి పదకొండు రోజులు. చక్రశాలలో ఒక్కో ఉక్కు బిళ్ళా పేర్చి చక్రం కట్టినవాళ్ళు, పూత పూసినవాళ్ళు, సంతకాలు పెట్టినవాళ్ళు ఇంతమంది ఉండగా, తప్పు చీపురు పట్టిన మనిషి వేలి కొసన దొరికిందన్నమాట! ఏం తెలివి, ఏం తెలివి!

చీపురుపల్లి రోడ్డు మీద ఎనిమిదేళ్ళుగా ఆమెకి ఇదే పని. చక్రాన్ని మిషను మీద తిప్పడం, ఏ పక్కకి ఎంత బరువు తక్కువో చూడడం, అక్కడ సీసం ముక్క అంటించడం. పాలిటెక్నిక్‌లో చదివింది మరిచిపోయినా చేతులు మరిచిపోలేదు. రెండు గ్రాములు ముప్పై కిలోలు అవుతాయా అంటే అవుతాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఆ లెక్కలో ఎక్కడో ఏదో దొంగతనం ఉందని చేతులకి తెలుస్తోంది. బుర్రకి ఇంకా అందలేదు.

జిల్లాలో శేషశాయి సంస్థ కట్టిన పన్నెండు చక్రశాలల్లో ఒకటి గుర్లపాలెం పక్కన వచ్చి మూడేళ్ళు. పగలంతా ఎండ కరెంటుతో పన్నెండు టన్నుల ఉక్కుచక్రాన్ని తిప్పడం, పొద్దు వాలాక ఆ తిరుగుడునే మళ్ళీ కరెంటుగా మార్చి నలభై ఊళ్ళకి ఇవ్వడం. ఇందులో కొత్తేముంది అంటే పూత ఉంది. ఏ చక్రమైనా తిప్పి వదిలేస్తే కాసేపటికి ఆగిపోతుంది, ఆపేది రాపిడి. శేషశాయి కనిపెట్టిన ‘స్నిగ్ధ’ అనే పూత ఇరుసుకి రాస్తే రాపిడన్నదే ఉండదు. ప్రారంభోత్సవం నాడు ఆయన స్నిగ్ధ పూసిన పళ్ళెంలో ఇనప గోళీ వేసి గుండ్రంగా తిప్పి, అందరినీ భోజనాలకి తీసుకెళ్ళాడు. విస్తళ్ళెత్తి తిరిగొచ్చేసరికి గోళీ అలాగే తిరుగుతోంది. జనం చప్పట్లు కొట్టారు. నీలవేణీ కొట్టింది. తమ్ముడికి అక్కడే ఉద్యోగమని ఊరంతా లడ్డూలు కూడా పంచింది.

మొన్న ఆయుధపూజకి చక్రాన్ని పూర్తిగా ఆపారు. శేషశాయి పట్టుపంచె కట్టుకుని, ఫోటోగ్రాఫర్లని వెంటేసుకుని వచ్చాడు. పంతులుగారు బొట్టు పెట్టబోతుంటే ఆపి, మూల నిలబడ్డ నరసమ్మని పిలిచాడు. “రా అమ్మా, నువ్వు పెట్టు. శ్రామికురాలి చేతి బొట్టే యంత్రానికి రక్ష,” అని అందరికీ వినిపించేలా అన్నాడు. ఆ ఫోటో మర్నాడు పేపర్లో వచ్చింది. నరసమ్మ దాన్ని కత్తిరించి గోడకి అంటించుకుంది కూడా.

పూజ అయిన అయిదో నాటి మధ్యాహ్నం ఈదురుగాలికి కరెంటు స్తంభాలు కూలాయి. చక్రం నిండా వేగం ఉంది, ఆ వేగాన్ని లాక్కునే తీగ లేదు. ఇంతలో చక్రాన్ని బిగించిన దిమ్మె అదరడం మొదలైంది. గౌరినాయుడు తోటి వాళ్ళిద్దరినీ బయటికి తోసేసి బ్రేకు పిడికి వేలాడాడు. బ్రేకు పట్టలేదు. చక్రం దిమ్మె మీంచి లేచిపోయి ముక్కలైంది. బ్రేకు పళ్ళెం ముక్కొకటి చక్రశాల గోడ చీల్చుకుని, తిన్నగా బాణంలా పోయి, మైలు దూరంలో నువ్వుచేలో దిగబడింది. పట్టుకునేది లేనప్పుడు ఏదైనా తిన్నగానే పోతుంది, గుండ్రంగా పోదు. ఆ ముక్కని ఎవరూ తీసుకెళ్ళలేదు. సంస్థకి బొట్టు దొరికాక ముక్కలతో పనేముంది?

నీలవేణి షాపు మూసేసి తమ ఊరు గుర్లపాలెం పోయింది. ఇంట్లో తల్లి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తండ్రి అసిరినాయుడు అరుగు మీద కూర్చుని, కూతుర్ని చూసి, లోపలికి చెయ్యి చూపించాడు.

“అమ్మా, లెగు. గంజి తాగు.”

నరసమ్మ కదల్లేదు. కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది. నీలవేణి గుడ్డ విప్పి చూసి కెవ్వుమంది. ఉంగరపు వేలు కొస నల్లగా కాలిపోయి ఉంది.

“ఇదేటమ్మా! ఏటి చేసుకున్నావు?”

“పొయ్యిలో ఎట్టినాను,” అంది నరసమ్మ, కూర ఉడికిందన్నంత మామూలుగా. “ఈ ఏలే కదా బొట్టెట్టింది. ఈ ఏలే కదా నా కొడుకుని సంపీసింది.”

నీలవేణికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అమ్మ మీదా, పేపరు మీదా, పట్టుపంచె మీదా కలగాపులగంగా పొంగుకొచ్చింది. “నీ బొట్టుకంత సీను లేదమ్మా! నీళ్ళలో కలిపిన కుంకం అది! చక్రం నాలుగు చుట్లు గట్టిగా తిరిగితే ఎగిరి గోడకి కొట్టుకుంటాది. అదేటి సిమెంటా?”

అని, అన్న మాట తన చెవికే తగిలి ఆగిపోయింది. అదీ ఆ లెక్కలో దొంగతనం. షాపులో తెలియనిది ఇక్కడ నోటెంట వచ్చేసింది.

కానీ నరసమ్మ తల అడ్డంగా ఊపింది. “నీకు తెల్దే. నానెవులికీ సెప్పనేదు. అమ్మోరు ముందే సెప్పీసింది, నానే దాసీసినాను.”

“ఏటి దాచావు?”

“సక్రం అంచుకెట్టిన బొట్టు బాగానే అంటుకుంది. పక్కన బ్రేకు పళ్లేనికి ఎడితే నిలబడనేదే. సేపపిల్లలాగ జర్రున జారి కింద పడిపోనాది. కొంగుతో తుడిసి మళ్ళీ ఎట్టినాను. మళ్ళీ జారీసింది. మూడోసారి కూడా అంతే. ఆ పెద్దాయన, పోటోలోళ్ళు అటు తిరిగున్నారు. బొట్టు జారడం మంచిది కాదు కదా, సెప్తే పండగ పూట అందరూ నన్ను తిడతారని, కింద పడ్డ కుంకం పాదంతో తొక్కీసి నోరు మూసుకున్నాను. అమ్మోరొద్దందే! నాను ఇన్లేదు. కొడుకుని పట్టుకుపోనాది.”

నీలవేణి గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. ఉక్కు మీద తడి కుంకుమ జారదు. నూనె ఉన్నా అంత జారదు. జారిందంటే ఆ పళ్ళేనికి స్నిగ్ధ ఉంది. బ్రేకు పళ్ళేనికి స్నిగ్ధ ఎవడైనా రాస్తాడా? రాస్తే ఇక బ్రేకెందుకు? ఎవరూ రాయలేదు. ఇరుసు మీంచి అదే పాకింది.

పాకితే బ్రేకు దాకా వచ్చి ఆగుతుందా? దిమ్మెకి బిగించిన నట్ల సంగతేమిటి? నట్టు బోల్టుని పట్టుకునేదే రాపిడితో. అది లేకపోతే ఎంత బిగించినా తనంతట తనే వదులైపోతుంది. చక్రం ఊగింది అందుకు. బ్రేకు పట్టనిది అందుకు. ఇంకా ముందుకి పోతే, రెండు నెలలుగా తమ్ముడి చేతిలోంచి గ్లాసులు జారిపోవడం, అన్నం ముద్ద వేళ్ళ సందునుంచి జారిపోవడం అందుకు. “సేతులా, ఎన్నపూసలా?” అని అమ్మ వాణ్ణి రోజూ వెక్కిరించేది. వాడు నవ్వి చెంచా తెచ్చుకునేవాడు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. దసరాకి పది రోజుల ముందు వాడు ఫోన్ చేశాడు. “అక్కా, బ్రేకు పట్టడానికి మునపటికన్నా చాలాసేపు తీసుకుంటంది. నట్లు వారం వారం బిగిస్తన్నాను. సార్‌కి మూడుసార్లు చెప్పాను, నవ్వుతున్నాడు.” తనేమంది? చేతిలో లారీ టైరుంది, ఎండ మండిపోతోంది. “బ్రేకు ప్యాడ్లు మెరుగెక్కుంటాయిరా, గరుకు కాయితంతో రుద్దు. నట్లు బిగించడం కూడా రాకపోతే నువ్వేం ఆపరేటరువిరా!” అంది. అని తనూ నవ్వింది.

ఆ పొద్దే నువ్వుచేనుకి పోయింది. బ్రేకు పళ్ళెం ముక్క అరచెయ్యంత ఉంది. పట్టుకుంటే నిలవదు, వేళ్ళ మధ్య నుంచి పారిపోతోంది. గోనెసంచిలో వేసి తాడుతో కడితే, ఆ తాడుకీ అంటుకుని ముడి దానంతటదే విడిపోయింది. ఆఖరికి ఇనప బకెట్లో వేసుకుని, తిట్టుకుంటూ ఇంటికి మోసుకొచ్చింది.

రెండు రోజుల తర్వాత మండలాఫీసులో విచారణ. జనం కిటికీలకి వేలాడుతున్నారు. బల్ల వెనక ఫ్యాక్టరీల శాఖ నుంచి వచ్చిన అధికారిణి హైమవతి, పక్కన శేషశాయి. ఆయన తెర మీద చక్రం బొమ్మ వేసి, అంచున ఎర్రచుక్క పెట్టి, ఎంతో విచారంగా మాట్లాడాడు. ఆ తల్లిని ఎవరూ నిందించవద్దనీ, అది అమాయకమైన భక్తి అనీ, ఇకమీద యంత్రాల దగ్గర ఇలాంటివి నిషేధిస్తామనీ చెప్పాడు. ఆ దయకి నీలవేణి పళ్ళు పటపటలాడాయి.

“మేడమ్, నేనొక ప్రశ్న అడగాలి,” అని లేచింది. “సార్, బొట్టు మీద ముప్పై కిలోల గుంజుడన్నారు. ఒప్పుకున్నాను. మరి అంత గుంజుడుకీ ఎగిరిపోకుండా దాన్ని చక్రానికి పట్టి ఉంచిందెవరు?”

“అంటే?”

“నా షాపులో ఇరవై గ్రాముల సీసం ముక్కని కంపెనీ జిగురుతో అంటిస్తాను. రిమ్ము తడిగా ఉంటే కారు వంద స్పీడు అందుకునేలోపే అది ఎగిరి రోడ్డు పక్కన పడుతుంది. అక్కడ గుంజుడు మూడు కిలోలు. మీది ముప్పై. మా అమ్మ కుంకం అయిదు రోజులు అలాగే అంటుకుని కూర్చుందా? అంత జిగురు ఆ కుంకంలో ఉంటే కుంకమే అమ్ముకోండి సార్, చక్రాలెందుకు మీకు?”

కిటికీల దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. శేషశాయి కళ్ళజోడు సవరించుకున్నాడు. “అమ్మాయ్, టైర్లు వేరు, ఇది వేరు. ఇందులో చాలా సూక్ష్మమైన విషయాలుంటాయి.”

“మీ చక్రానికి వేరే సూత్రాలున్నాయా? పోనీ, పన్నెండు టన్నుల చక్రాన్ని ముప్పై కిలోలు ఎత్తి పడేస్తే, దాన్ని దిమ్మెకి దేనితో కట్టినట్టు, పురికొసతోనా?”

హైమవతి పెన్ను కింద పెట్టింది. “నీ దగ్గర వేరే కారణం ఉందామ్మా?”

నీలవేణి బకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టి, పటకారుతో ముక్కని పైకి తీసింది. పటకారులోంచీ జారి బల్ల మీద పడి, అటూ ఇటూ జారి బకెట్టుకి తగిలి ఆగింది. “ఇది బ్రేకు పళ్ళెం ముక్క. అమ్మా, రా. కుంకం తెచ్చావు కదా. ముందు ఆ స్టీలు గ్లాసుకి పెట్టు.”

నరసమ్మ ముందుకి వచ్చింది. కాలిన వేలిని కొంగులో దాచుకుని, ఎడమచేతి వేలితో గ్లాసుకి బొట్టు పెట్టింది. నిలిచింది. ముక్కకి పెట్టింది. బొట్టు జర్రున జారి బల్ల మీద ఎర్రటి మరకై పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే.

“పూజ నాడు కూడా ఇలాగే జారిందట మేడమ్. అపశకునమని భయపడి చెప్పలేదు. అపశకునం కాదు, సార్‌గారి పూత. ఇరుసు మీంచి పాకి బ్రేకుకి పట్టింది, నట్లకి పట్టింది, మా తమ్ముడి చేతులకి పట్టింది.” నీలవేణి శేషశాయి వైపు తిరిగింది. “కాదంటే పట్టుకుని చూపించండి సార్. మీరే చూడండి.”

అని ముక్కని బల్ల మీద ఒక్క తోపు తోసింది. అది సుతారంగా జారుకుంటూ ఆయన ముందుకి పోయింది. శేషశాయి కుర్చీతో సహా వెనక్కి గెంతాడు. రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

హైమవతి ఆయన చేతులకేసే చూస్తూ అడిగింది. “ఎందుకలా వెనక్కి వెళ్ళారు?”

ఆయన చేతులు బయటికి తియ్యలేదు.

“వట్టి చేత్తో ముట్టుకుంటే ఏమవుతుంది డాక్టర్‌గారూ?”

“కొన్నాళ్ళు... పట్టు ఉండదు. తర్వాత సర్దుకుంటుంది. ప్రమాదకరం కాదు.”

“ఇది పాకుతుందని మీకెప్పటి నుంచి తెలుసు?”

“ప్రయోగశాలలో కొన్ని సూచనలు కనిపించాయి. రెండేళ్ళుగా. వచ్చే వేసవిలో అన్నీ విప్పి సరిచేద్దామని ప్రణాళిక ఉంది.”

నీలవేణికి అరుద్దామనిపించింది. అరిచింది నరసమ్మ. పదమూడు రోజులుగా గుసగుసగా తప్ప మాట్లాడని మనిషి, మండలాఫీసు కప్పు ఎగిరిపోయేలా అరిచింది.

“నీ సేతులు దాసుకున్నావు! మా గుంటడి సేతులకి తొడుగులైనా ఇచ్చినావేటి? ముద్ద నోటికి పోక ఆడు సెంచాతో తింటంటే నాను నవ్వినాను! ఆడి తల్లిని, నానే నవ్వినాను! మూడుసార్లు నీకు సెప్పినాడంట కదా, ఆడి తోటోళ్ళు ఇందాకే సెప్పినారు, నువ్వూ నవ్వినావు! ఒరే, నీకు తెలిసి నవ్వినావు కదరా!”

ఒరే అన్నందుకు ఎవరూ ఆమెని వారించలేదు. హైమవతి లేచి నిలబడింది. “మిగతా పదకొండు చక్రాలు ఇప్పుడు తిరుగుతున్నాయా?”

“తిరుగుతున్నాయి.”

“బ్రేకు వేస్తే?”

శేషశాయి తల వంచుకున్నాడు. ఆ పదకొండింటి చుట్టూ ఉన్న ఊళ్ళ పేర్లు కిటికీల దగ్గర జనం ఒకరికొకరు చెప్పుకోవడం మొదలెట్టారు. అందులో అత్తవారి ఊళ్ళున్నాయి, ఆడపిల్లల్ని ఇచ్చిన ఊళ్ళున్నాయి.

బ్రేకుతో ఆగని చక్రాన్ని ఆపడానికి ఒకటే దారి. కొత్త కరెంటు ఎక్కించకుండా, ఉన్న వేగాన్నంతా వాడి ఖాళీ చేసెయ్యాలి. నట్లు ఊడేలోపు చెయ్యాలి. ఆ మధ్యాహ్నమే ఊరూరా మైకు కట్టిన ఆటోలు తిరిగాయి. మోటార్లు, ఫ్యాన్లు, పిండిమరలు, ఇస్త్రీ పెట్టెలు, దీపాలు, ఏముంటే అవన్నీ ఆపకుండా వెయ్యండని చెప్పాయి. జిల్లాకి జిల్లా పట్టపగలు దీపాలు వెలిగించుకుని కూర్చుంది. నీళ్ళు అక్కర్లేని మడుల్లోకి మోటార్లు నీళ్ళు తోడాయి. గుర్లపాలేనికి ఇప్పుడు కరెంటు కొత్తవలస వైపు చక్రం నుంచి వస్తోంది. అది అన్నిటికన్నా పాతది, పూత వేసి నాలుగేళ్ళయింది.

నరసమ్మ ఇంట్లో ఫ్యానేసింది, గ్రైండరు ఖాళీగా తిప్పింది, తర్వాత వీధిలోకి వెళ్ళింది. “ఎయ్యండే, అన్నీ ఎయ్యండి! పీనాసితనం సెయ్యకండి! మీ పిల్లలు అక్కడ పన్జేస్తన్నారే!” అని ఇంటింటికీ తిరిగి అరిచింది. ఒకావిడ ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టింది. ఇంకొకాయన పెళ్ళి పందిరికి తెచ్చిన సీరియల్ బల్బులన్నీ మేడ చుట్టూ కట్టి, మిట్టమధ్యాహ్నం వెలిగించాడు. ఎవరూ నవ్వలేదు.

రెండో రోజు పొద్దున్న పది గంటలకి ఫ్యాను నెమ్మదించింది. బల్బు పసుపుపచ్చగా మారింది. అక్కడెక్కడో చక్రంలో వేగం తగ్గుతోంది. తల్లీకూతుళ్ళు నేల మీద కూర్చుని ఫ్యానుకేసి చూస్తున్నారు. ఇంకా తిరుగుతోంది. ఇంకా తిరుగుతోంది.

“నీలా,” అంది నరసమ్మ. “బొట్టు జారిపోనాదిరా అని ఆ దినమే నాను ఆడికి సెప్పీసుంటే, ఆడు బతికుండేవాడేటి?”

నీలవేణి అబద్ధం చెబుదామనుకుంది. నోటిదాకా వచ్చింది. మండలాఫీసులో అందరి ముందూ అంత ధాటీగా మాట్లాడిన మనిషి తల్లి ముందు దాన్ని మింగేసింది.

“వాడు నాకు చెప్పాడే అమ్మా. ఫోన్ చేసి బ్రేకు పట్టడం లేదన్నాడు, నట్లు వదులైపోతున్నాయన్నాడు. చక్రాల పని చేసేదాన్ని నేను. వినలేదు. నీకు పని రాదురా అన్నాను. నేనూ నవ్వాను.”

నరసమ్మ చెయ్యెత్తింది. కొడుతుందనుకుని నీలవేణి కళ్ళు మూసుకుంది. కొట్టనీ, కొడితే బాగుణ్ణనుకుంది. కాలిన వేలున్న ఆ చెయ్యి వచ్చి ఆమె తల మీద పడింది. మెత్తగా పడలేదు, గట్టిగానే పడింది, పడి అక్కడే ఉండిపోయింది.

“నాకు తెల్దే,” అంది నరసమ్మ. “నీకూ తెల్దు. ఆ పెద్దాయనకి తెలుసు. తెలిసి నా సేత బొట్టెట్టించినాడు, తెలిసి నా కొడుకు సేత బ్రేకు పట్టించినాడు. మనం ఏడవాల, తప్పదు. తప్పు మాత్రం ఆడిది. రేపు ఆ ఆపీసుకి మళ్ళీ ఎల్దాం, ఎల్లుండి కూడా ఎల్దాం. ఆణ్ణి వదిలీసేరనుకో, నాను వదల్ను.”

ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. నరసమ్మ కళ్ళు తుడుచుకుని ఇల్లంతా ఒకసారి పరికించింది.

“ఆ వంటింట్లో బలుబు ఎయ్యనేదేటే? లెగు, ఎయ్యి.”

నీలవేణి లేచి వెళ్ళి వేసింది.